గ్లాసుల పిన్ని అడిగిన మాట

గాజు శుభ్రంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకటే పద్ధతి. కడిగాక నీళ్లు పోసి వంచి చూడాలి. నీళ్లు పల్చటి పొరలా జారిపోతే శుభ్రమైనట్టు, ఎక్కడైనా బొట్లు బొట్లుగా నిలిచాయంటే ఇంకా జిడ్డు ఉన్నట్టు. ఆసుపత్రి ల్యాబులో ఇరవయ్యారేళ్లు సూక్ష్మజీవులతో కాపురం చేసినదాన్ని, నాకు ఇంకేం తెలిసినా తెలియకపోయినా ఇది మాత్రం తెలుసు. అందుకే ఈ ఊరి మెథడిస్టు చర్చికి కొత్త పాస్టరుగా వచ్చిన మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఆరాధన అయిపోగానే, తెల్ల అంగీ విప్పి కొక్కేనికి తగిలించి, తిన్నగా చర్చి వెనక వంటగదిలోకి వెళ్లి సింకు ముందు నిలబడ్డాను. జనం ద్రాక్షరసం తాగిన చిన్న గ్లాసులు నూట పన్నెండు, ఒక్కోటీ బొటనవేలంత. అప్పటికే ఒక పెద్దావిడ మోచేతుల దాకా నురగలో ముంచి ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"మీరు కడక్కూడదు అమ్మగారూ, బాగుండదు" అంది.

"ఎందుకు బాగుండదు పిన్నీ?"

"అయ్యగార్లెవరూ ఇప్పటిదాకా ఈ గదిలోకి రాలేదండీ. ఇది ఆడవాళ్ల గది."

"నేనూ ఆడదాన్నే కదా."

ఆవిడ చేతులు నురగలో పెట్టుకునే కాసేపు ఆలోచించింది. చిక్కంతా అక్కడే ఉంది మరి. మా వాళ్లలో పాస్టరుని అయ్యగారూ అంటారు, ఆయన భార్యని అమ్మగారూ అంటారు. అయ్యగారు ప్రసంగం చేస్తారు, అమ్మగారు వచ్చినవాళ్లకి టీ పెడతారు. నేను ప్రసంగం చేసే అమ్మగారిని. టీ ఎవరు పెట్టాలో తేలక మొదటి నెలంతా ఎవరికీ టీ దొరకలేదు. పైగా నెలకోసారి నన్ను చూడ్డానికి వచ్చి, వెనక బెంచీలో పేపరు మడత పెట్టుకుని కూర్చునే మా ఆయన్ని, ఎవరూ అడక్కుండానే, ఊరంతా కలిసి అయ్యగారిని చేసేశారు. ఆయన కూడా శాస్త్రవేత్తే. దేవుడి సంగతి ఎత్తితే "ఇంకా పరిశీలనలో ఉంది" అంటాడు. ఒకసారి భోజనాల ముందు ప్రార్థన చెయ్యమంటే, సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చినవాడిలా నా మొహం చూశాడు. నేను చూడనట్టు మంచినీళ్లు తాగాను. ఇన్నేళ్లకి ఒక్కసారైనా ఆ సుఖం నాకుండాలి కదా.

ఆ పెద్దావిడే గ్లాసుల పిన్ని. డెబ్బై దాటాయి. నలభై ఒక్క ఏళ్లుగా ఆ గ్లాసులు కడుగుతోంది. చర్చి గోడ మీద పాలరాతి పలకలో ఇప్పటిదాకా పనిచేసిన అయ్యగార్ల పేర్లన్నీ ఉన్నాయి, అంతమంది తాగిన గ్లాసులు కడిగిన మనిషి పేరు ఎక్కడా లేదు. ఆ మాట ఆవిడతో అంటే "పలక మీద పేరెందుకమ్మగారూ, దాన్నీ నేనే తుడవాలి" అంది. ఆ రోజు నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఆవిడ కడగడం, నేను వంచి చూడ్డం, తుడవడం. నా పరీక్షలో మొదటి నెల పద్నాలుగు గ్లాసులు తప్పాయి. ఆవిడకి కోపమొచ్చింది. రెండో నెల ఒక్కటీ తప్పలేదు.

సింకుతో నా సంబంధం మా అత్తగారి నాటిది. "మా కోడలు కంటికి కనబడని పురుగుల్ని చూస్తుంది గానీ సింకులో గిన్నెల్ని చూడదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవారు. వాళ్లూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని, నవ్వుతూనే లేచి గిన్నెలు కడిగేదాన్ని. నేనూ మా ఆయనా ఒకే క్లాసు, అందుకే ఒకరినొకరం నువ్వు అనుకుంటాం. అది ఆవిడకి చివరిదాకా మింగుడు పడలేదు. చదువులో ఇద్దరం ఇంచుమించు సమానం. ఇంచుమించు అని మర్యాదకి అంటున్నాను, రెండుసార్లు నాకే ఎక్కువొచ్చాయి. ఉద్యోగాల్లో చేరాక, భార్యాభర్తలు ఒకే విభాగంలో శాస్త్రవేత్తలుగా ఉండకూడదు, ఒకరు టెక్నికల్ పోస్టులోకి దిగాలన్నారు. ఎవరు దిగారో వేరే చెప్పాలా. ఇంట్లో దాని మీద చర్చ కూడా జరగలేదు. "నీకే సుఖం, సాయంత్రం ఐదింటికల్లా ఇంటికొచ్చెయ్యొచ్చు" అన్నాడు మా ఆయన, ప్రేమగానే అన్నాడు. ప్రేమగా అన్న మాటలకి జవాబు చెప్పడం చాలా కష్టం. ల్యాబులో కొత్తగా చేరిన మగపిల్లలు ప్రయోగాలు చేసేవారు, గాజు సామాను నా దగ్గరికొచ్చేది. "మీరైతే జాగ్రత్తగా కడుగుతారు మేడమ్" అనేవారు. అలా ఐదింటిదాకా అక్కడ సింకు, ఐదు దాటాక ఇంట్లో సింకు.

అసలు నేనిటు ఎలా వచ్చానని అందరూ అడుగుతారు. వాళ్లకి మెరుపో, గొంతో, కలో కావాలి. నాకు అలాంటివేమీ రాలేదు. ఒకరోజు రిపోర్టులు పట్టుకెళ్లే అటెండరు రాలేదు, అంతే. ఒక పాప నెత్తురులో సూక్ష్మజీవి ఉందా లేదా అని తేల్చిన కాగితం, పసిపాపల వార్డుకి వెళ్లాల్సింది, నేనే పట్టుకుని మెట్లెక్కాను. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆ వార్డులో నేను అడుగు పెట్టడం అదే మొదలు. అందులో నేను రాసింది రెండే అక్షరాలు: ఉంది. నర్సుకిచ్చి వచ్చేద్దామనుకున్నాను. మంచం పక్కన ఒక తల్లి, ఇరవై రెండేళ్లుంటాయేమో, నా తెల్లకోటు చూసి డాక్టరనుకుంది. "అందులో ఏముందండీ" అని అడిగింది. చెప్పాను. నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు. నాలుగు గంటలు అలా స్టూలు మీద కూర్చున్నాను. కింద ల్యాబులో, సూక్ష్మజీవుల్ని పెంచే ఇంక్యుబేటర్లో నా ప్లేట్లు పాడయ్యాయి. మర్నాడు నాకు మెమో వచ్చింది: విధి నిర్వహణలో అలక్ష్యం. కింద సంతకం విభాగాధిపతిది, అంటే మా ఆయనది. "రిపోర్టు ఇవ్వడం వరకే మన పని. దాంతో పాటు మనిషిని కూడా ఇస్తామా?" అన్నాడు. ఆ సాయంత్రం ఆ సంతకం పెట్టిన చేతికే టీ కప్పు అందించాను. ఆ పాప బతికింది, నెల తర్వాత ఇంటికెళ్లింది. నేనే మళ్లీ నా కుర్చీలో సరిగ్గా కూర్చోలేకపోయాను. రాసిన ప్రతి 'ఉంది' వెనకా ఒక స్టూలు ఖాళీగా ఉన్నట్టు అనిపించేది.

ఇంకో ఎనిమిదేళ్లు ఆ కుర్చీలోనే లాగాను, పిరికితనం తక్కువేం కాదు నాకు. నలభై తొమ్మిదో ఏట ఉద్యోగం మానేసి పాస్టర్ల చదువులో చేరతానన్నప్పుడు మా ఆయన పేపరు కింద పెట్టి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఆధారం లేకుండా ఒక్క మాట మాట్లాడని మనిషివి. ఇప్పుడు ఆధారం లేనిదాని మీదే బతుకుతానంటావా?" అన్నాడు. జవాబు వారం తర్వాత, బట్టలు ఆరేస్తుంటే తట్టింది. ఆధారం లేనిదాని మీద బతకడం నాకు కొత్తేమిటి? ఏదో ఒకరోజు నువ్వు తలెత్తి 'బాగా చేశావు' అంటావన్న నమ్మకం మీద ఇన్నేళ్లు బతకలేదూ? ఆ మాట ఆయనతో అనలేదు, తడి బట్టలతోనే అన్నాను. మా అమ్మాయి మాత్రం ఫోన్లో "పాస్టరువైతే ఇంక నన్ను తిట్టవన్నమాట" అని సంబరపడింది. దాని సంబరం ఎన్నాళ్లో నిలవలేదు.

చదువైపోయింది. మా సంఘంలో చదువైపోగానే పూర్తి పాస్టరు అయిపోరు. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లి ఏడాది పనిచెయ్యాలి. ఏడాది చివర ఆ చర్చి పెద్దలు కూర్చుని, ఈవిడ పనికొస్తుందా రాదా అని తేల్చి రాస్తేనే, తల మీద చేతులుంచి ఆర్డినేషన్ ఇస్తారు. నన్ను పంపింది ఈ ఊరికి. చర్చి వెనకే రెండు గదుల ఇల్లు, ఒక బల్ల, కిర్రుమనే మంచం. ఇంట్లోంచి నేనొక్కదాన్నే పెట్టె పట్టుకుని బయటికొచ్చిన రోజు, తలుపు దగ్గర మా ఆయన "మరి నా సంగతి?" అన్నాడు, చాలా చిన్న గొంతుతో. జాలేసింది. ఆయన మీద నాకెప్పుడూ జాలి ఎక్కువే, అదే నా జబ్బు. అయినా బస్సెక్కాను.

ముందు పనిచేసిన అయ్యగార్ల కొలతలకి కుట్టిన తెల్ల అంగీనే నాకిచ్చారు. భుజాలు జారి మోచేతుల దాకా వచ్చేవి. చెయ్యెత్తి ఆశీర్వదించబోతే చెయ్యి కనబడేది కాదు. గ్లాసుల పిన్ని కూతురు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. వీధి చివర టైలరింగు షాపు ఆమెది. ముప్పై ఎనిమిదేళ్లు, నోట్లో ఎప్పుడూ గుండుసూదులు. "ఇలా ఇవ్వండి అమ్మగారూ, ఇది మీది కాదు, వాళ్లది" అని గుండుసూదుల మధ్యనుంచే అని, రెండు భుజాలూ లోపలికి పట్టి కుట్టి, చేతులు కురచ చేసింది. వేసుకుని అద్దంలో చూసుకుంటే అందులో మొదటిసారి నేనున్నాను. ఆమెని కావిలించుకున్నాను, గుండుసూదులు గుచ్చుకున్నాయి కూడా.

ఏడో నెలలో ఆమెకి జ్వరం వచ్చింది. మూడు రోజులు ఇంట్లో, ఒక రోజు ఆసుపత్రిలో, ఐదో రోజుకి లేదు.

భూస్థాపన ఆరాధన నేనే చెయ్యాలి. ఆమె కుట్టిన అంగీలోనే నిలబడ్డాను. చర్చి నిండిపోయింది. పుస్తకం తెరిచి మొదటి ప్రార్థన చదివాను. రెండోది మొదలుపెట్టబోతుంటే ముందు బెంచీలోంచి గ్లాసుల పిన్ని లేచింది. పెద్దగా అరవలేదు. మామూలుగా, కూరగాయల కొట్లో అడిగినట్టు అడిగింది. "అమ్మగారూ, మీరు రెండు చదువులు చదివారంటారు. ఆ చదువుతోనైనా చెప్పండి, ఈ చదువుతోనైనా చెప్పండి. నా పిల్లే ఎందుకు?"

పక్కనే ఉన్న హెడ్మాస్టరు గారు నా వైపు వంగారు. ఆయన మా పెద్దల సభకి అధ్యక్షులు, బడి నుంచి రిటైరైనా ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. "దేవుని చిత్తం అనండి" అన్నారు గొంతు తగ్గించి. పుస్తకంలో కూడా అలాంటి వాక్యాలు సిద్ధంగానే ఉన్నాయి, మంచి వాక్యాలు. మొదటి చదువు దగ్గరా జవాబు సిద్ధంగానే ఉంది. ఆ సూక్ష్మజీవి పేరు నాకు తెలుసు, అది నెత్తురులో ఎంత వేగంగా పెరుగుతుందో తెలుసు, ఏ గంటకి మందు పడి ఉంటే బతికేదో కూడా తెలుసు. ఎలా పోయిందో మొత్తం తెలుసు. ఆవిడ అడిగింది అది కాదు. ఆవిడ మొహంలోకి చూస్తూ నాకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"తెలియదు పిన్నీ" అన్నాను. "నాకు తెలియదు."

పుస్తకం మూసి, మెట్లు దిగి, వెళ్లి ఆవిడ పక్కన బెంచీలో కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. చర్చిలో ఎవరో దగ్గారు. చివరికి హెడ్మాస్టరు గారే లేచి మిగతా ప్రార్థనలు చదివారు, సమాధి దగ్గర కూడా ఆయనే. అక్కడ చాలామంది పిన్ని దగ్గరికొచ్చి ఎందుకు జరిగిందో చెప్పారు. పరలోకంలో కుట్టుపని అవసరం పడిందని ఒకరు, ముందున్న కష్టాలు తప్పించడానికని ఒకరు. మంచి మనుషులు, మంచి మనసుతోనే చెప్పి, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

నేను తొమ్మిది రోజులు రోజూ పిన్ని ఇంటికి వెళ్లాను. చెయ్యడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. మిషను మీద సూది కింద ఒక రవిక సగం కుట్టి ఉండిపోయింది. ఇచ్చిన బట్టల కోసం మొహమాటపడుతూ వచ్చేవాళ్లకి చీటీ చూసి వెతికి, కుట్టినవి కుట్టినట్టు, కత్తిరించినవి కత్తిరించినట్టు మడిచి ఇచ్చేదాన్ని. పిన్ని గోడకానుకుని చూస్తుండేది. మూడో రోజు "ఇంకా తెలియలేదా?" అంది. "లేదు పిన్నీ" అన్నాను. "ఊఁ" అని ఒక చొక్కా అందుకుని గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. మళ్లీ నెల మొదటి ఆదివారం సింకు దగ్గర, గ్లాసు నా చేతికిస్తూ, అదే మాట. "ఇంకా తెలియలేదా?" "లేదు పిన్నీ." "సరే, తుడువు." అమ్మగారూ అనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

ఊరు మాత్రం ఊరుకుంటుందా. పాస్టరమ్మకి ఏమీ తెలియదట అన్న మాట వీధులన్నీ తిరిగింది. పదకొండో నెలలో, నా గురించి తేల్చాల్సిన సభకి వారం ముందు, హెడ్మాస్టరు గారు ఇంటికొచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. వచ్చేటప్పుడు వాళ్లావిడ చేసిన రొట్టె తెచ్చారు. "పదిమందీ పట్టుకు వేలాడే కొమ్మ మనం. కొమ్మే ఊగితే ఎలాగమ్మా?" అన్నారు. జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ఆయన చేతిరాత ముత్యాల కోవలా ఉంటుంది. "దుఃఖ సమయంలో అలసట వల్ల పొరపాటున తెలియదు అన్నాను. సమాధానం నాకు తెలుసు." కింద సంతకానికి చోటు. సంతకం పెడితే అది ఆదివారం చదువుతారు, చదివితే నా ఆర్డినేషన్‌కి ఏకగ్రీవంగా రాస్తారు. పెట్టకపోతే ఏడాది వాయిదా, మళ్లీ పరీక్ష, లేదా మర్యాదగా ఇంటికి. "మీకు యాభై నాలుగు. ఇంకో ఏడాది ఎందుకమ్మా? ఒక్క సంతకం" అన్నారు. ఆయన కళ్లలో నిజంగానే నా మీద కనికరం ఉంది.

ఆయన వెళ్లాక మా ఆయనకి ఫోన్ చేశాను. ముందు ఉప్పు డబ్బా గురించి చెప్పాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో నిన్ననే కనిపెట్టాడట, పదకొండు నెలల పరిశోధన. నవ్వాను. కాగితం చదివి వినిపించాను.

"ఒక్క మాటే కదా. పెట్టెయ్. ఇష్టం లేకపోతే మానెయ్, ఆదివారం కారేసుకుని వస్తాను, ఇంటికి పోదాం. ఎటైనా నాకు పర్లేదు."

ఈ 'ఒక్క మాటే కదా' నాకు బాగా పరిచయం. పందొమ్మిదేళ్ల కిందట మా ఆయన పెద్ద అధ్యయనం ఒకటి చేశాడు, వార్డుల నీళ్లలో ఒక సూక్ష్మజీవి ఉందా లేదా అని. పరీక్షలు చేసేది నేను. నలభై శాంపిళ్లు. ముప్పై తొమ్మిదింటికి 'లేదు' అని రాశాను. నలభయ్యో ప్లేటు మీద ఏదో పెరిగింది. అదేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను. మళ్లీ చేద్దామంటే నీళ్లు మిగల్లేదు. 'తేలలేదు' అని రాశాను. ఆ ఒక్కదాని వల్ల వ్యాసం ఆగిపోయేలా ఉంది, వ్యాసంతో పాటు మా ఆయన ప్రమోషనూ. "ఒక్క మాటే కదా. తేలలేదు అంటే ఎవరికి ఉపయోగం? లేదు అని రాయి" అన్నాడు. అప్పుడు అత్తగారికి ఒంట్లో బాగాలేదు, పిల్లకి పరీక్షలు, ఇంట్లో ఇంకో గొడవ భరించే ఓపిక నాకు లేదు. మా పనిలో ఒక నియమం ఉంది. నోటుబుక్కులో తప్పు రాస్తే చెరపకూడదు. కింద ఉన్నది కనబడేలా ఒకే ఒక గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వెయ్యాలి. నేను గీత కొట్టలేదు. పేజీ మొత్తం చింపేసి కొత్త పేజీ అతికించాను. వ్యాసం వచ్చింది, ఆయనకి కుర్చీ వచ్చింది, నాకు చివర్లో కృతజ్ఞతలు వచ్చాయి. ఆ నీళ్ల వల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు. జరగలేదు కాబట్టి ఆ పేజీ ఎవరికీ గుర్తు లేదు, నాకు తప్ప.

"ఇదే మాట ఇంతకుముందు ఒకసారి అన్నావు" అన్నాను.

"ఎప్పుడు?"

బల్ల మీది కాగితం తిప్పి పెట్టాను. అటునుంచి చాలాసేపు ఫ్యాను చప్పుడు వినబడింది.

"నలభయ్యోదా?" అన్నాడు.

గుర్తుంది. పందొమ్మిదేళ్లూ ఆయనకీ గుర్తుంది. ఒకే మంచం మీద పడుకుని, ఒకే అంకెని ఇద్దరం వేరువేరుగా మోశామన్నమాట. కోపం రావాలి నాకు. వచ్చింది కూడా. దాని వెనకే జాలి కూడా. "ఆదివారం వస్తాను" అని పెట్టేశాడు.

ఆదివారం ప్రభువు బల్ల ఆరాధన అయ్యాక పెద్దలు పక్క గదిలో కూర్చున్నారు. పదకొండు మంది, ఇద్దరు ఆడవాళ్లు. హెడ్మాస్టరు గారి కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన రాసిన రెండు వాక్యాల మీదా అడ్డంగా ఒక గీత కొట్టాను, ఒక్కటే. పక్కన నా పొడి అక్షరాలు, తేదీ. పైన నా చేతిరాతతో: "తెలియదు అన్నాను. ఇప్పటికీ తెలియదు."

ఆయన కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూశారు. "కొట్టేసినా కింద రాసింది కనబడుతూనే ఉందేమ్మా?"

"కనబడాలనేనండీ. మీరు నన్ను ఏం చెప్పమన్నారో, నేనేం చెప్పానో, రెండూ ఉండాలి."

"దేవుడి మీద నమ్మకం లేదా మీకు?" అని సభ కార్యదర్శి అడిగాడు.

"ఉందండీ. అందుకే, ఆయన చెప్పని జవాబు ఆయన పేరు మీద నేను రాయను."

చేతులెత్తించారు. ఏడాది వాయిదా. నాలుగు చేతులు నా వైపు లేచాయి, అందులో ఇద్దరు ఆడవాళ్లవి, అది నేననుకోలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. హెడ్మాస్టరు గారు నాకు వ్యతిరేకంగా ఎత్తిన చేత్తోనే తన రుమాలు తీసిచ్చారు. ముక్కు తుడుచుకుని, థాంక్స్ చెప్పి, వంటగదిలోకి వెళ్లాను. ఈలోగా మా ఆయన నా పెట్టె కారెక్కించేశాడని కిటికీలోంచి కనబడుతోంది. నా సామాను సర్దడం పెళ్లయ్యాక అదే మొదటిసారి, పెట్టెలోంచి చీర కొంగు బయటికి వేలాడుతోంది. కార్యదర్శి కారు దగ్గరికి వెళ్లాడు. "అయ్యగారూ, ఆ సంతకం పెట్టమని మీరైనా కొంచెం చెప్పి చూడండి" అనడం వినబడింది.

"అయ్యగారు లోపల గ్లాసులు కడుగుతున్నారండీ" అన్నాడు మా ఆయన. "నేను వాళ్లాయన్ని."

అంతలోనే తలుపులో వచ్చి నిలబడ్డాడు, చేతిలో కారు తాళాలు. ఎక్కడ నిలబడితే అడ్డం కాదో తెలియక గోడకంటుకుపోయాడు. నా వైపు చూడకుండా, గ్లాసుల వైపు చూస్తూ, "నలభయ్యోది నువ్వు రాసిందే సరైంది" అన్నాడు. "అప్పుడే చెప్పాల్సింది." నేను తలాడించాను.

పిన్ని కడిగిన గ్లాసు నా చేతిలో పెట్టింది. ఆయన్ని చూసింది, తాళాలు చూసింది, కిటికీలోంచి కారునీ వేలాడుతున్న చీర కొంగునీ చూసింది. ఏమీ ఎరగనట్టు, ఎప్పటిలాగే అడిగింది.

"ఇంకా తెలియలేదా?"

"లేదు పిన్నీ."

"ఆ రోజు తెలిసినవాళ్లు చాలామంది వచ్చారు. చెప్పేసి వెళ్లిపోయారు. తెలియనిదానివి నువ్వొక్కదానివే ఉన్నావు." ఇంకో గ్లాసు నురగలో ముంచింది. "తెలిశాక వెళ్దువుగాని."

నేను చేతిలో గ్లాసులో నీళ్లు పోసి వంచి చూశాను. అంచు కింద ఒక్క బొట్టు నిలిచిపోయింది. మళ్లీ నురగలో వేశాను. కొక్కేనికున్న తువ్వాలు తీసి మా ఆయన చేతికిచ్చాను.

"ముందు పెట్టె దింపెయ్. తర్వాత వచ్చి ఇవి తుడువు" అన్నాను.